ఫస్టుకీ సెకండుకీ మధ్య

సోమవారం పొద్దున్నే పైడయ్య బండి ట్రాలీ ఆటోలో ఆటోనగర్‌కి వచ్చింది. అబ్బులు షెడ్డు ముందు ఇద్దరు మనుషులు పట్టి దింపారు దాన్ని. హెడ్‌లైటు పగిలిపోయింది. హ్యాండిలు ఒక పక్కకి తిరిగిపోయింది. వెనకాలే పైడయ్య కుంటుకుంటూ దిగాడు. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి ఉంది. గీరుకుపోయిన చోట అద్దిన పసుపు ఎండి రాలుతోంది.

"న్యూట్రల్ పడలేదు బావా. అంతే. ఇంకేటీ నేదు," అన్నాడు అడక్కముందే.

అబ్బులు చేతిలో టీ గ్లాసు టూల్‌బాక్సు మీద పెట్టి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తొమ్మిదేళ్ళ బండి. కొన్నప్పటి నుంచీ దాని ఆయిలు, దాని చైను, దాని బ్రేకులు అన్నీ తనే చూశాడు. దానికి ఏ పని ఎప్పుడు చేసిందీ కాయితం లేకుండా చెప్పగలడు.

"ఎక్కడ?"

"యార్డు గేటు కాడ. డ్యూటీ దిగి వత్తన్నాను. బ్యాగులు సూత్తారు కదా, లైన్లో ఆగాల. ఫస్టులోంచి న్యూట్రల్‌కి ఎత్తుతన్నాను, సెకండుకి ఎలిపోతాది. మళ్ళీ తొక్కుతన్నాను, ఫస్టుకి ఎలిపోతాది. మద్దెలో నిలబడదు. క్లచ్చి పట్టుకునే ఉన్నాను బావా, ఒట్టు. ఇంతలో బండి ఒక్క గెంతు గెంతి ఎల్లి గేటు కమ్మీని గుద్దీసింది."

"ఎవరికైనా తగిలిందా?"

"నాకే తగిలింది. అదీ కాదు బాధ." పైడయ్య కిందకి చూశాడు. "తాగున్నానని రాసీసినారు. గేటుపాసు లాక్కున్నారు."

పైడయ్య తాగడని అబ్బులుకి తెలుసు. ఓడల రిపేరు యార్డులో కాంట్రాక్టరు కింద తుప్పు రాల్చే పని అతనిది. పని దిగాక టీ తప్ప ఇంకోటి ముట్టడు. ఆ టీ కూడా చాలాసార్లు ఈ షెడ్డులోనే తాగుతాడు.

"మా సూపర్‌వైజరు కొండలరావు సార్ ఒక మాటన్నాడు. బండిలోనే ఖరాబు ఉందని మెకానిక్కు రాసిత్తే శనారం లోపల పట్రా, సూద్దాం అన్నాడు. నేకపోతే పాసు కేన్సిలే. ఒక కాయితం రాసిచ్చీ బావా. నీ షెడ్డు స్టాంపు ఏసి."

"రాస్తాన్లే. ఏముందో చూడనీ ముందు."

"సూడ్డానికేటుంది? న్యూట్రల్ పడలేదని సెప్తన్నాను కదా."

"ఎందుకు పడలేదో రాయాలి కదా బావా," అన్నాడు అబ్బులు.

అతనితో అదే తంటా. బండి బాగుపడితే సరిపోదు అతనికి. ఎందుకు పాడైందో తెలియాలి. తెలిసేదాకా భార్య మంగాయమ్మ కట్టిచ్చిన క్యారేజీ కూడా విప్పడు. వాళ్ళ నాన్న తాడేపల్లిగూడెం నుంచి స్టీలు ప్లాంటు పనికి వచ్చినవాడు. అబ్బులు పుట్టింది, పెరిగింది అంతా గాజువాకలోనే. అయినా చుట్టుపక్కల షెడ్ల వాళ్ళు ఇప్పటికీ "ఆ గోదారోడికి బండి ఇచ్చీవంటే నాల్రోజులు మర్సిపోవాల" అని నవ్వుతారు. ఇచ్చేవాళ్ళు మాత్రం మళ్ళీ ఇతనికే ఇస్తారు.

హ్యాండిలు సరిచేసి, హెడ్‌లైటు పీకి పక్కన పెట్టి, అబ్బులు బండి స్టార్టు చేశాడు. క్లచ్ పట్టి ఫస్టు వేశాడు. కాలి బొటనవేలితో గేరు రాడ్డుని కొంచెం ఎత్తాడు. న్యూట్రల్ పడ్డట్టు మీటర్లో పచ్చ లైటు వెలిగింది. మళ్ళీ ఫస్టు. మళ్ళీ పచ్చ లైటు. సందు చివరిదాకా వెళ్ళి, ఇంజను బాగా వేడెక్కించి, తిరిగొచ్చి మళ్ళీ చూశాడు. ఇరవైసార్లు వేస్తే ఇరవైసార్లూ పడింది.

పైడయ్య ఇంటికి వెళ్ళిపోయాడు కాబట్టి సరిపోయింది. ఉంటే అతని మొహం చూడ్డం కష్టమయ్యేది.

మంగళవారం అబ్బులు క్లచ్ కేబులు ఊడదీశాడు. మేకుకి వేలాడదీసి, వేళ్ళ మధ్య పట్టి తీగ పొడుగునా జారుస్తూ చూశాడు. ఒక్క పోగు తెగలేదు. ఇంజనాయిలు దింపి గాజు సీసాలో పోసి ఎండకి పట్టాడు. మార్చి నెల కూడా కాలేదు, ఇంకా తేనె రంగులోనే ఉంది. మధ్యాహ్నం క్లచ్ మూత విప్పాడు. ప్లేట్లు ఒక్కొక్కటీ కడిగి, పగిలిన అద్దం ముక్క మీద బోర్లించి, అంచు కింద బ్లేడు దూరుతుందేమో చూశాడు. వంకర ఉంటే అక్కడ దూరుతుంది. ఎక్కడా దూరలేదు. అన్నీ తిరిగి బిగించి చేతులు కడుక్కుంటూ, బండిని అనుమానంగా చూస్తూ నిలబడ్డాడు.

•

బుధవారం పైడయ్యని రమ్మన్నాడు.

"ఎక్కి కూర్చో. నువ్వు వేసి చూపించు."

పైడయ్య ఎక్కాడు. ఇంజను నడుస్తుండగా క్లచ్ పట్టి రాడ్డు ఎత్తాడు. టక్కుమని సెకండు. తొక్కాడు. టక్కుమని ఫస్టు. మళ్ళీ సెకండు. మీటర్లో పచ్చ లైటు వెలగనే లేదు. పైడయ్య మొహంలో బాధ పోయి ఒక రకమైన సంతోషం వచ్చింది.

"సూసినావా? సెప్పినానా!"

"దిగు." అబ్బులు ఎక్కాడు. ఒక్క తాకుడుకే పచ్చ లైటు వెలిగింది. పైడయ్య సంతోషం అక్కడే ఆరిపోయింది.

"బూట్లు విప్పు," అన్నాడు అబ్బులు. యార్డులో వేసుకునే ఇనప ముక్కు బూట్లు అవి. వాటితో గేరు కదలిక తెలియకపోవచ్చు. పైడయ్య విప్పి, ఉత్త కాలితో ప్రయత్నించాడు. పడలేదు.

"ఇంజను ఆపు. ఇప్పుడు వెయ్యి."

వెంటనే పడింది.

అబ్బులు తల గోక్కున్నాడు. ఇంజను ఆగి ఉంటే పడుతుంది, నడుస్తుంటే పడదు. అంటే లోపల క్లచ్ ఇంజన్ని పూర్తిగా వదలడం లేదని. ఇది కొత్తగా పని నేర్చుకునేవాడికి కూడా తెలిసిన లెక్క. కానీ ఆ క్లచ్‌ని నిన్ననే అతను తన చేతులతో విప్పి, కడిగి, బిగించాడు. పైగా తను ఎక్కితే వదులుతోంది, పైడయ్య ఎక్కితే వదలడం లేదు. బండికి మనుషుల తేడా ఎలా తెలుస్తుంది?

పక్కన టైరుకి పంక్చరు వేయించుకుంటున్న ఒకతను అంతా విని నవ్వాడు. "తాగి నడిపితే ఏ గేరూ పడదు గురూ."

పైడయ్య గిర్రున తిరిగాడు. "ఊదమంటే ఊదుతానన్నాను! మిషను నేదన్నారు! నువ్వు సూసినావా నాను తాగడం?" అని, ఆ మనిషి మొహం తిప్పుకున్నాక, అబ్బులు వైపు చూశాడు. "నీకూ అలగే అనిపిత్తందా బావా?"

"ఛ. అదేం మాట."

అన్నాడు గానీ, అతని చూపు మళ్ళీ బండి మీదికే పోయింది.

సాయంత్రం సూరన్న వచ్చాడు. అతనిది వేరే కంపెనీ బండి, కొని రెండేళ్ళే. సీటు మీంచి దిగకుండానే, "న్యూట్రల్ సరిగ్గా పడట్లేదు, ఓసారి సూడు," అన్నాడు.

అబ్బులు చేతిలో పానా ఆగిపోయింది. "నువ్వెక్కడ పని చేస్తావ్?"

"పైడయ్య గ్యాంగే. ఏటి?"

ఒకే యార్డు, ఒకే గ్యాంగు, ఒకే జబ్బు. ఓడ ఒంటి మీది తుప్పు రాలి గాల్లో తేలుతుంది. బండ్లన్నీ ఆ పక్కనే రేకుల కింద పెడతారు. అబ్బులు సూరన్న బండి కేబులు తీసి తెల్లగుడ్డ మీద దులిపాడు. ఎర్రటి పొడి రాలింది. ఎగిరి గంతెయ్యాలనిపించింది అతనికి. ఆ పొడి చూపించి సూరన్నకి పావుగంట పాఠం చెప్పి, కొత్త కేబులు వేసి, "ఇప్పుడు చూడు," అన్నాడు.

సూరన్న చూశాడు. సెకండు. ఫస్టు. సెకండు.

అబ్బులు ఎక్కాడు. పచ్చ లైటు.

"నీ సేతిలో ఏదో మహిమ ఉంది," అన్నాడు సూరన్న చిరాగ్గా. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. అబ్బులు ఆ ఎర్రపొడి గుడ్డని మడిచి పారేశాడు.

•

గురువారం నాలుగున్నరకి షెడ్డు మూసేసి, అబ్బులు యార్డు గేటు దగ్గరికి వెళ్ళాడు. ఎదురుగా టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. డిసెంబరు గాలి పోర్టు వైపు నుంచి ఈడ్చి కొడుతోంది. ఐదు కొట్టేసరికి బండ్లు బయటికి రావడం మొదలైంది.

ముందు వెల్డర్లు వచ్చారు. కమ్మీ దగ్గర ఆగి, న్యూట్రల్ వేసి, రెండు చేతులూ వదిలి బ్యాగులు తెరిచి చూపించారు. తర్వాత పెయింటర్లు, చెవుల మీద కూడా రంగుతో. వాళ్ళూ అంతే. ఫిట్టర్లు, రిగ్గర్లు, ఆఫీసు వాళ్ళు. వందకి పైగా బండ్లు పోయాయి. అబ్బులు ప్రతి ఎడమ కాలునీ చూశాడు.

చివర్లో తుప్పు గ్యాంగు వచ్చింది. మొహాలు, కనుబొమలు ఎర్రగా ఉన్నాయి. తొమ్మిది బండ్లు. వాటిలో ఒక్కటి కూడా ఇంజను నడుస్తూ కమ్మీ దాకా రాలేదు. గేటు ఇంకా ఇరవై అడుగులుందనగా ఒక్కొక్కడూ ఇంజను ఆపేసి, గేరు కిందా మీదా తన్ని, కాళ్ళతో నేలని నెట్టుకుంటూ వచ్చాడు. ఒకరికొకరు చెప్పుకున్నట్టు లేరు. ఎవడి బండి తిక్క వాడికే ఉన్నట్టు, ఎవడి ఉపాయం వాడు కనిపెట్టుకున్నట్టు, అలవాటుగా చేస్తున్నారు.

వాళ్ళలో నలుగురు టీకి ఆగారు. గ్లాసు కుడిచేత్తో పట్టుకుని, ఎడమచెయ్యి చంకలో దూర్చుకుని నిలబడ్డారు. చలికేమో అనుకున్నాడు అబ్బులు. దగ్గరికెళ్ళి మెల్లగా అడిగాడు, బండి న్యూట్రల్ సరిగ్గా పడుతోందా అని. ఒకడు నవ్వాడు. ఒకడు ఎందుకడుగుతున్నావన్నాడు. మూడోవాడు గ్లాసు కింద పెట్టేసి వెళ్ళిపోయాడు. కమ్మీ దగ్గరి గార్డు చాలాసేపటి నుంచి అబ్బులునే చూస్తున్నాడు.

•

శుక్రవారం పొద్దున్న షెడ్డు తెరిచేసరికి పైడయ్య భార్య చిట్టమ్మ గుమ్మంలో ఉంది. హార్బరు నుంచి తెచ్చిన చేపల తట్ట పక్కనే దించి ఉంది.

"అన్నా, నువ్వు కూడా మా ఆయన తాగినాడనే అనుకుంతన్నావంట?"

"ఎవరన్నారు చెల్లెమ్మా?"

"ఎవులూ అన్నేదు. రాత్రి కూడు తిన్నేదు ఆయన. బండి బానే ఉందన్నావంట కదా? బండి బావుంటే ఇంక మడిసే కదా బాగోలేంది?" ఆమె గొంతు గట్టిగా ఉంది గానీ కళ్ళు నిండాయి. "తాగినోడికి పొద్దుటే లేసి సొక్కా బొత్తాలు పెట్టాల్సిన కరమ నాకేటన్నా?"

అబ్బులు తాళాలు జేబులో వేసుకోబోతూ ఆగాడు. "బొత్తాలు నువ్వు పెట్టడమేంటి?"

"నానే పెడతాను. రెండేళ్ళయ్యింది. ఆయన ఏళ్ళకి బొత్తాం దొరకదు. సలికాలం అయితే మరీని. ఎడం సేతి ఏళ్ళు సున్నం రాసినట్టు తెల్లగయిపోతాయి. గిల్లినా తెల్దు. మొన్న పొయ్యి మీది గిన్ని దించినాడు, బొబ్బ తేలినాక తెలిసింది కాలిందని. సలికి తిమ్మిరంటాడు."

"ఎడమచెయ్యా?"

"ఎడంసెయ్యే. ఏటి, అలగా సూత్తన్నావ్?"

అబ్బులు తాళాలు టూల్‌బాక్సు మీద పడేశాడు. పక్కనున్న డెంటింగు షెడ్డుకి పరిగెత్తాడు. కార్ల సొట్టలకి పూసే లప్పం గుప్పెడు తెచ్చి, నిమ్మకాయంత ముద్ద చేసి, పైడయ్య బండి హ్యాండిలు పిడికి, క్లచ్ లీవరుకి ఎదురుగా అంటించాడు. లీవరు పట్టి పూర్తిగా నొక్కాడు. వదిలి చూస్తే లప్పం పావలా బిళ్ళంత పల్చగా అణిగిపోయింది. అరచేత్తో దాన్ని గీకేసి, పైడయ్యకి ఫోను చేశాడు.

పైడయ్య వచ్చేసరికి సూరన్న కూడా అక్కడే ఉన్నాడు, కొత్త కేబులు వాపసు తీసుకోమని గొడవపడుతూ.

"ఎంత గట్టిగా పట్టగలిగితే అంత గట్టిగా పట్టు," అన్నాడు అబ్బులు.

పైడయ్య పట్టాడు. మెడ నరాలు తేలాయి. వదిలాక చూస్తే, లీవరుకీ పిడికీ మధ్య లప్పం బొటనవేలంత మందంగా నిలబడి ఉంది. సూరన్నది అంతకన్నా కొంచెం నయం. డెంటింగు షెడ్డు మేస్త్రీ వచ్చి పట్టాడు, పల్చగా అణిగింది. చిట్టమ్మ తట్ట దగ్గర నుంచి లేచి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఎవరూ అడక్కుండానే వచ్చి పట్టింది. అప్పడంలాగ అయిపోయింది లప్పం. మేస్త్రీది, అబ్బులుది కూడా అంత పల్చగా రాలేదు.

"ఓలమ్మో," అన్నాడు మేస్త్రీ.

"తుప్పు రాల్చే గన్ను ఎలా పట్టుకుంటావు బావా? చూపించు," అన్నాడు అబ్బులు, మూలనున్న పాత సైలెన్సరు గొట్టం అందిస్తూ.

పైడయ్య అందుకున్నాడు. కుడిచెయ్యి వెనకాల మీట దగ్గర, ఎడమచెయ్యి ముందు ఉలి దగ్గర. పట్టుకోగానే భుజాలు వాటంతటవే ముందుకి వంగాయి.

"ఎడమచెయ్యి అంత ముందుకెందుకు?"

"అక్కడ పట్టుకోపోతే ఉలి గెంతులేత్తాది. రేకు మీద నిలబడదు."

"అదురంతా ఆ చేతికే."

"అదురుతాది మరి. గాలి గన్ను కదా. ఇంటికెల్లినాక కూడా సెయ్యి జుయ్యిమంతానే ఉంతాది."

"రోజుకి ఎన్ని గంటలు?"

"ఆరు. ఒకోపాలి ఏడు. పదకొండేళ్ళబట్టి."

"దొరికింది!" అని అబ్బులు తొడ మీద చరిచాడు. "క్లచ్ సగమే నొక్కుతున్నావు బావా! నడుస్తున్నప్పుడు గేరు మారడానికి ఆ సగం చాలు. నిలబడ్డప్పుడు న్యూట్రల్ దొరకడానికి చాలదు. ఆ గేటు దగ్గర పట్టుకుని పట్టుకుని వేళ్ళు జారిపోయుంటాయి, నీకు తెలియను కూడా తెలియలేదు, బండి గెంతేసింది. అదీ సంగతి!"

నాలుగు రోజులుగా వేధించిన ముడి విడిపోయిన సంబరంలో, ఎదుటి మనుషుల మొహాలు అతను కాస్త ఆలస్యంగా చూశాడు. సూరన్న అప్పటికే హెల్మెట్టు పెట్టేసుకున్నాడు.

"నా పేరు ఎక్కడా ఎత్తకు," అన్నాడు సూరన్న. "నా సెయ్యి బానే ఉంది." బండి తీసుకుని, కేబులు మాట మర్చిపోయి, వెళ్ళిపోయాడు.

పైడయ్య గొట్టాన్ని జాగ్రత్తగా కింద పెట్టాడు. "ఇది రాయకు బావా."

"ఇదే కదా నిజం. నువ్వు తాగలేదని తేలిపోతుంది."

"తేలి? సెయ్యి పోయినోడికి గన్ను ఎవులిత్తాడు? తాగినాడంటే ఒక కాంట్రాక్టరే పొమ్మంటాడు. సెయ్యి పోయిందంటే అందరూ పొమ్మంటారు. బండిలో ఖరాబుందని రాయి. ఒక్క ముక్క. అబద్దం ఆడ్డం నీకు రాదా?"

"మరి సెయ్యి?" అంది చిట్టమ్మ.

"సెయ్యి నాది. నా ఇష్టం."

"బొత్తాలు పెట్టేది నాను. నాదీని," అంది ఆమె. తట్ట నెత్తికెత్తుకుని, బజారుకి వేళ మించిపోయిందని, వెనక్కి చూడకుండా నడిచింది.

ఆ రోజంతా అబ్బులు పని మీద చెయ్యి పెట్టలేకపోయాడు. బిల్లు పుస్తకంలోంచి కాయితం చింపి ఒకటి రాశాడు, బండి క్లచ్‌లో లోపం ఉందని. ఇంకో కాయితం చింపి ఇంకొకటి రాశాడు. రెండింటి మీదా స్టాంపు వేశాడు. ఏది ఇవ్వాలో పైడయ్యనే తేల్చుకోమందామనుకున్నాడు. అలా అనుకోవడం తప్పించుకోవడమేనని కూడా తెలుసు అతనికి.

•

శనివారం పదింటికి, పైడయ్య, చిట్టమ్మ షెడ్డులో ఉండగానే కొండలరావు వచ్చాడు. యాభై దాటిన మనిషి, బొద్దుగా, కాలరు లేని టీషర్టు, మెడలో యార్డు ఐడీ కార్డు. స్కూటీ ఆపి, స్టాండు వేసి, నేరుగా అబ్బులు ముందు నిలబడ్డాడు.

"నువ్వేనా మెకానిక్కువి? గేటు కాడ కూర్సుని మావోళ్ళని ఒక్కొక్కణ్ణీ లెక్కపెడతన్నావంట. ఏ యూనియన్ నీది?"

"నేను బండ్లు చూస్తానండి. అంతే."

"కాయితం రాసినావా మరి?"

అబ్బులు పైడయ్య వైపు చూశాడు. పైడయ్య కళ్ళతోనే బతిమాలుతున్నాడు. చిట్టమ్మ మొగుణ్ణి చూడటం లేదు, అబ్బులునే చూస్తోంది. అబ్బులు జేబులోంచి రెండు కాయితాలూ తీశాడు. ఒకటి చింపి నూనె డబ్బాలో వేశాడు. రెండోది కొండలరావుకి ఇచ్చాడు.

"అయిపోయింది," అన్నాడు పైడయ్య తనలో తనే.

కొండలరావు కాయితం దూరంగా పట్టుకుని పైకే చదివాడు. "క్లచ్ కేబులు, ప్లేట్లు, ఆయిలు, గేరు అన్నీ చూశాను. లోపం లేదు. బండి నడిపిన పైడయ్య తాగి లేడు. అతని ఎడమచెయ్యి క్లచ్‌ని పూర్తిగా నొక్కలేకపోతోంది. తుప్పు గన్ను అదురు వల్ల అయి ఉండొచ్చు. డాక్టరు చూడాలి." ముక్కుతో నవ్వాడు. "తాగుడికి కొత్త పేరెట్టినావ్. పదహారేళ్ళు నాను పట్టుకున్నాను గన్ను. సూపర్‌వైజరు అయ్యి ఆరేళ్ళు. నాకేటయ్యింది?"

"మీరొకసారి ఈ లీవరు పట్టండి," అన్నాడు అబ్బులు. అతని మనసులో ఏ ఎత్తూ లేదు. పని వదిలేసిన మనిషి చెయ్యి ఎలా ఉంటుందో చూద్దామన్నదే అతని ఆశ. ఆరేళ్ళకి చెయ్యి తిరిగి బాగుపడుతుందని తేలితే, పైడయ్యకి ఒక ధైర్యం చెప్పొచ్చు. "పల్చగా అణిగితే మీ మాటే నిజమవుతుందండి."

కొండలరావు విసుగ్గా వచ్చి, బండి పక్కన నిలబడే లీవరు పట్టాడు. నొక్కాడు. వదిలాడు.

లప్పం బొటనవేలంత మందాన ఉంది.

"గ్రీజు ఉంది దీని మీద. జారతంది," అన్నాడు. అబ్బులు గుడ్డతో లీవరు తుడిచి, కొత్త ముద్ద అంటించాడు. ఈసారి కొండలరావు సీటు ఎక్కి కూర్చుని, పళ్ళు బిగించి పట్టాడు. ఐడీ కార్డు ట్యాంకుకి తగిలి టకటకలాడింది. వదిలి, వంగి, ఆ ముద్దని దగ్గరగా చూశాడు. మూడోసారి ఎవరూ చెప్పకుండానే తనే ముద్ద చేసి పెట్టుకున్నాడు. అది కూడా అలాగే వచ్చింది.

సందులోంచి లారీ ఒకటి హారను కొడుతూ పోయింది. 

"సార్," అంది చిట్టమ్మ మెల్లగా, "మీ సొక్కా బొత్తాలు ఎవులు పెడతారు?"

కొండలరావు తన టీషర్టు వైపు చూసుకున్నాడు. "సొక్కాలు మానీసి నాలుగేళ్ళయ్యింది," అన్నాడు. సీటు మీంచి దిగలేదు. "గేరు బండి మా బావమరిదికి ఇచ్చీసినాను అప్పుడే. అందరితో ట్రాఫిక్కు అన్నాను. వయసు మీద పడిందేమో అనుకున్నాను. నాకూ సెప్పినోడు నేడు కదా."

"మాలో ఎవులం ఎవులికీ సెప్పుకోలేదు సార్," అన్నాడు పైడయ్య.

"తాగున్నాడని రాయమంది గార్డు కాదు. నానే." కొండలరావు పైడయ్య మొహంలోకి చూడలేక మీటరుతో చెప్పాడు ఆ మాట. "బండి గెంతిందంటే పైనోళ్ళు ఎందుకు, ఎలగ అని అడుగుతారు. తాగినాడంటే ఇంక అడగరు."

పైడయ్య దవడ బిగిసింది. ఏదో అనబోయి మింగేశాడు. చిట్టమ్మ మాత్రం మింగలేదు.

"ఈది ఈదంతా తాగుబోతు పెళ్ళాన్ని అన్నారు నన్ను ఈ వారం రోజులూ," అంది. "ఆ మాట ఎలగ తుడుత్తావో తుడు."

కొండలరావు తలూపాడు. చెయ్యి చాపితే అబ్బులు పెన్ను ఇచ్చాడు. కాయితాన్ని ట్యాంకు మీద పరుచుకున్నాడు అతను. "ఒక్కడి పేరుతో తీసుకెల్తే ఆ ఒక్కణ్ణీ తీసీత్తారు. ఎంతమంది ఇలగ?"

"నేను చూసింది తొమ్మిది బండ్లండి."

"అయితే నాతో మొదలెడతాను," అని, పైడయ్య పేరుకి పైన ఉన్న కాస్త ఖాళీలో, కొండలరావు తన పేరు రాసుకున్నాడు.

•

సోమవారం ఆరుగురు ఆస్పత్రికి వెళ్ళారు, కొండలరావుతో కలిపి. డాక్టరు వాళ్ళ చేతులు చన్నీళ్ళలో పెట్టించి వేళ్ళు తెల్లబడటం చూశాడు. సూదితో గుచ్చి చూశాడు. గన్ను అదురు వల్లే అని రాసిచ్చాడు. ఇంకా ముదరకుండా ఆపొచ్చు గానీ, పోయిందంతా తిరిగొస్తుందని మాటివ్వలేనన్నాడు. ఆ కాయితాలు పట్టుకుని కొండలరావు సేఫ్టీ ఆఫీసరు గది ముందు రెండు రోజులు కూర్చున్నాడు. అక్కడ ఏం మాటలు పడ్డాడో ఎవరికీ చెప్పలేదు. గేటు రిజిస్టరులో తాగి ఉన్నాడన్న లైను మీద గీత పడింది. పక్కన కొండలరావు సంతకం పడింది. ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి చిట్టమ్మకి పంపించాడు. ఆమె అది బజారులో ప్రతి చేపల బేరానికీ చూపించింది.

పైడయ్యకి పాసు తిరిగొచ్చింది. గన్ను మాత్రం తిరిగి ఇవ్వలేదు. వెల్డింగు జరిగే చోట నిప్పురవ్వ అంటుకోకుండా కాపలా కాసే పని ఇచ్చారు. రోజంతా ఎర్ర సిలిండరు పక్కన స్టూలు మీద కూర్చోవడం. నడుము పట్టేస్తోందని, ఊరికే కూర్చోవడమంత కష్టం ఇంకోటి లేదని, అబ్బులుని తిడతాడు. మూడు రోజులు మాట్లాడలేదు కూడా. నాలుగోరోజు టీకి వచ్చాడు. తక్కిన గ్యాంగుకి రెండేసి గంటలకి ఒకసారి గన్ను మీద మనిషి మారాలని రాతపూర్వకంగా వచ్చింది. అది ఎన్నాళ్ళు నడుస్తుందో చూడాలి.

మిగతా ఐదుగురు ఆస్పత్రికి రాలేదు. సూరన్న వాళ్ళలో ఒకడు. అబ్బులు షెడ్డు ఉన్న సందులోకే రావడం మానేసి, చుట్టు తిరిగి మెయిన్ రోడ్డు మీంచి పోతున్నాడని పైడయ్య చెప్పాడు.

జనవరి మూడో వారంలో ఒక ఆదివారం, అబ్బులు వేరే ఎవరిదో చైను బిగిస్తుంటే గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే సూరన్న. చలికి స్వెట్టరు వేసుకున్నాడు. బస్సు దిగి నడిచొచ్చినట్టున్నాడు, చెప్పుల నిండా దుమ్ము.

"బండేది?" అన్నాడు అబ్బులు.

"ఇంటికాడ ఉంది. బండి బానే ఉంది బావా."

సూరన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.  తర్వాత స్వెట్టరు చెయ్యి మోచేతి దాకా లాక్కుని, ఎడమచెయ్యి తెరిచి అబ్బులు ముందు పెట్టాడు.